ఆర్చికి అంటించిన నోటీసు

తెనాలిలో షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిచ్చే ఖాజా మొహిద్దీన్‌కు ఆ ఉదయం పెద్ద ఆలోచనలేమీ లేవు. రాత్రి రేపల్లెలో పెళ్లి అయిపోయింది. డ్రైవరు యలమంద ఆ సామానంతా ట్రాలీలో వేసుకుని వచ్చేస్తాడు. దాన్ని దింపకుండా అలాగే దుగ్గిరాల పంపాలి. అక్కడ సాయంత్రం ఓణీల ఫంక్షను. ఈలోపు గోడౌన్ ముందు కుర్చీ వేసుకుని, భార్య హుస్సేన్ బీ పంపిన ఉప్మా తిని, టీ తాగి, ఎవరితోనూ మాట్లాడకుండా కాసేపు కూర్చోవాలి. పెళ్లిళ్ల రోజుల్లో ఆయన కోరుకునే సుఖం అదొక్కటే.

ఉప్మా నోటి దాకా వెళ్లేలోపు ఫోను మోగింది. రేపల్లె నుంచి దశరథరామయ్య. రాత్రి పెళ్లి ఆయన కూతురిదే.

"ఏం ఖాజా, నా కూతురి పెళ్లికి నువ్వు పంపిందేంటి?"

"ఏమైందండీ? కుర్చీ ఏదైనా విరిగిందా?"

"కుర్చీ విరిగితే బాగుండేది. నీ స్వాగతం ఆర్చికి నోటీసు అంటించి ఉంది. పన్ను ఎగ్గొట్టినట్టు రాశారు దాంట్లో. మా వియ్యాలవారు చదివారు."

ఆ ఆర్చి మొహిద్దీన్ ఈ ఏడే కొత్తగా చేయించింది. రెండు చెక్క స్తంభాలు, వాటి మీద చెరో నెమలి, పైన అర్ధచంద్రాకారంలో 'స్వాగతం'. గోడౌన్ బయట షట్టరు పక్కన నిలబెట్టి ఉంచేవాడు. రేపల్లె పంపేటప్పుడు చీకట్లో ఎక్కించారు. అక్కడ పూలవాళ్లు దానికి నిలువెల్లా బంతిపూల దండలు చుట్టారు. పెళ్లంతా సవ్యంగా జరిగింది. తెల్లవారి దండలు విప్పేసరికి ఎడమ స్తంభం మీద, నెమలి తోక కింద, ఆ కాగితం బయటపడింది.

అప్పుడు దాని ఎదురుగా ఉన్నది పెళ్లికొడుకు బాబాయి. ఎక్కడ ఏ కాగితం కనిపించినా నిలబడి చదివే అలవాటు ఆయనకుంది. పూల తడికి పేరున్న వరస అలుక్కుపోయింది. కింది సగం మీద ఇంకా ఒక దండ వేలాడుతోంది. ఆయన కనబడిన పైసగాన్ని ఫొటో తీసి, బంధువుల గ్రూపులో పెట్టి, కింద ఏమీ రాయకుండా ఊరుకున్నాడు. ఏమీ రాయకపోవడంతో అందరూ తలా ఒకటి రాశారు.

"అది నీది అని నువ్వొచ్చి చెప్పాలి," అన్నాడు దశరథరామయ్య. "నేను చెబితే నమ్మట్లేదు. మా వియ్యంకుడు ఇప్పటికే నన్ను బావగారూ అనడం మానేసి రామయ్య గారూ అంటున్నాడు."

దండ తొలగించి తీసిన పూర్తి ఫొటో కాసేపటికి వచ్చింది. మొహిద్దీన్ దాన్ని పెద్దది చేసి చదివాడు. చిరునామా తన గోడౌన్‌దే. పుస్తకంలో ఉన్న ట్రిప్పుల్లో కొన్నిటికి అద్దె ఆదాయం చూపలేదట. ఏ రోజైతే ఆయన ఉప్మా తిందామని కూర్చున్నాడో ఆ రోజే, మధ్యాహ్నం, బాపట్లలో ఉన్న పన్నుల ఆఫీసుకు వచ్చి సంజాయిషీ చెప్పాలట. రాకపోతే ఉన్న ఆధారాలతో ఏకపక్షంగా నిర్ణయిస్తారట.

ఆయన దాన్ని రెండోసారి చదివాడు. ఆర్నెల్ల క్రితం ఒక ఉద్యోగి వచ్చి ట్రిప్పుల పుస్తకం తీసుకెళ్లిన మాట నిజమే. అందులో పెళ్లిళ్లున్నాయి, చావులూ ఉన్నాయి. చావింటికి పంపిన కుర్చీలకు, షామియానాకు మొహిద్దీన్ అద్దె తీసుకోడు. ఆయన తండ్రీ తీసుకోలేదు. కానీ పుస్తకంలో 'ట్రిప్పు' అనే ఉంటుంది; ఎవరు పోయారో ఉండదు. ఇప్పుడు ఏకపక్షంగా రాసేసి బ్యాంకు అకౌంటు ఆపేస్తే, ఈ పెళ్లిళ్ల రోజుల్లో కూలీలకు ఏమిచ్చేది?

ఉప్మా గిన్నె కుర్చీలో వదిలేసి టాక్స్ కన్సల్టెంట్ ప్రభుదాస్ దగ్గరికి పరిగెత్తాడు.

ప్రభుదాస్ సగం విని మిగతా సగానికి కూడా జవాబు చెప్పగల మనిషి. ఫొటో చూసి సంతోషంగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఈ నోటీసు మీకు అందిందా?"

"ఇదిగోనండి, ఫోన్లో..."

"అందిందా అని అడిగాను, చూశారా అని కాదు."

"చూస్తే అందినట్టు కాదాండీ?"

"కాదు. చేతికివ్వాలి, లేదా పోస్టులో పంపాలి. మనిషి దొరక్కపోతే వ్యాపారం చేసే చోట తలుపుకు అంటించాలి. ఆర్చి తలుపేనా?"

"కాదండి. దానికి తలుపే ఉండదు."

"అదీ. కాబట్టి మీకు నోటీసు అందలేదు. మీరు బాపట్ల వెళ్లొద్దు. వెళ్లారంటే అందిందని ఒప్పుకున్నట్టే."

"వెళ్లకపోతే?"

"ఏకపక్షంగా రాసేస్తారు."

"అప్పుడు?"

"అప్పుడు అప్పీలుకి పోదాం. వినకుండా రాసిన ఆర్డరు నిలబడదు. చాలా బలమైన కేసు."

"నాకు బలమైన కేసు వద్దండి," అన్నాడు మొహిద్దీన్. "అసలు కేసే వద్దు."

మెట్లు దిగాడు. సందు చివరిదాకా వెళ్లి, ఒక ప్రశ్న గుర్తొచ్చి మళ్లీ ఎక్కాడు. ప్రభుదాస్ అదే జవాబు ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. మళ్లీ దిగాడు. ఇంటికి ఫోన్ చేస్తే హుస్సేన్ బీ అంతా విని అంది: "పిలిచారు కదా, వెళ్లండి. తప్పు చెయ్యనోడు దాక్కోవడమేంటి? చావుకి డబ్బులు తీసుకోనని చెప్పి వచ్చేయండి."

అది సబబుగా తోచింది. బండి తీసి ముందు రేపల్లె దారి పట్టాడు. కాలవ పక్కన గాలి తగిలేసరికి ధైర్యం వచ్చింది. వేమూరు చేరేసరికి ప్రభుదాస్ మాట గుర్తొచ్చి ధైర్యం పోయింది. బండి వెనక్కి తిప్పి తెనాలి వైపు కొంత దూరం వచ్చాడు. అటు వెళ్తే నోటీసు అందినట్టు, ఇటు వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టు. రోడ్డు పక్కన చెరుకురసం బండి ఉంటే, ఏ వైపూ వెళ్లకుండా ఒక గ్లాసు తాగాడు. అప్పుడే ప్రభుదాస్ నుంచి ఫోను.

"ఆలోచించాను. మీరు వెళ్లండి."

"మీరే వద్దన్నారు కదండీ."

"నోటీసు అందినవాడిగా వెళ్లొద్దన్నాను. అందలేదని చెప్పడానికి వెళ్లండి. నోటీసు చెల్లదని రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. అదేం రాయాలో మీ ఫోనుకు పంపిస్తాను."

"అందకపోతే ఎలా వచ్చావంటే?"

"ఆర్చి చూపించండి. దానికే అంటించారని కళ్లారా చూస్తారు. కాగితం మాత్రం పీకొద్దు. పీకితే ఎక్కడ అంటించారో రుజువుండదు, పైగా ప్రభుత్వ కాగితం చింపారంటారు."

రేపల్లెలో కల్యాణ మండపం ముందు మొహిద్దీన్ బండి దిగేసరికి యలమంద తడిగుడ్డ పట్టుకుని స్తంభం ముందు కూర్చున్నాడు. కాగితం ఒక మూల అప్పటికే లేచింది.

"ఆగు ఆగు," అంటూ మొహిద్దీన్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "అదేంటో చదవలేదా నువ్వు?"

"చదివా భాయ్. అందుకే పీకుతున్నా."

ఆర్చిని పడుకోబెడితే కుర్చీల కింద కాగితం నలిగిపోతుందని, దాన్ని ట్రాలీలో నిలబెట్టి తాళ్లతో కట్టారు. 'స్వాగతం' ముందువైపుకొచ్చింది. దశరథరామయ్య రాత్రి పెళ్లిలో తొడుక్కున్న పట్టు చొక్కాతోనే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"మీరెందుకండీ?"

"ఆఫీసరు చేతే చెప్పిస్తాను, ఆ నోటీసు నాది కాదని. ఫోన్లో మా వియ్యంకుడు వినాలి. నువ్వు చెబితే, నేను డబ్బులిచ్చి చెప్పించానంటాడు."

మొహిద్దీన్ తన బండి మండపం దగ్గరే వదిలి ట్రాలీ ఎక్కాడు. చెరుకుపల్లి మీదుగా ట్రాలీ నిదానంగా సాగింది. ఆర్చి తీగలకు తగలకుండా యలమంద వంగి పైకి చూస్తూ నడుపుతున్నాడు. దుగ్గిరాల వాళ్లు ఫోన్ చేసి సామాను బయల్దేరిందా అని అడిగారు. బయల్దేరిందండి అన్నాడు మొహిద్దీన్. ఏ దిక్కుకు అన్నది వాళ్లు అడగలేదు. కర్లపాలెం దగ్గర జనం రోడ్డు పక్కకు జరిగి నిలబడ్డారు. ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి అడిగింది:

"ఎవరొస్తున్నారు నాయనా?"

"ఎవరూ రావట్లేదు మామ్మా," అన్నాడు యలమంద. "మేమే పోతన్నాం."

బాపట్ల ఆఫీసు ముందు అటెండరు ట్రాలీని, ఆర్చిని, పట్టు చొక్కాను మార్చి మార్చి చూశాడు.

"ఇది ఆఫీసరు గారికి చూపించాలండి," అన్నాడు మొహిద్దీన్. "నా కేసులో సాక్ష్యం."

"లోపల పట్టదు. పై నుంచి పెద్ద సారు తనిఖీకి వస్తున్నారు, దారిలో బండి ఉంచొద్దు. మెట్ల పక్కన నిలబెట్టి బండి తీసేయండి."

మెట్ల పక్కన నేల ఎగుడుదిగుడుగా ఉంది. ఆర్చి నిలబడలేదు. ఇటు జరిపి, అటు జరిపి, చివరికి మెట్లకు చెరోవైపు ఒక స్తంభం వచ్చేలా పెడితే కదలకుండా నిలిచింది. ఆ మెట్ల కోసమే చేయించినట్టుంది. యలమంద నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, అలవాటు కొద్దీ, ఇంకా మిగిలి ఉన్న బంతిపూల దండ ఒకటి సరిచేశాడు.

అదే సమయానికి పెద్ద అధికారి కారు వచ్చి ఆగింది.

ఆయన దిగి ఆర్చి వైపు చూశాడు. దాని కింద దశరథరామయ్య ఉన్నాడు. రెండు రోజులుగా అదే ఆర్చి కింద నిలబడి వచ్చినవాళ్లందరికీ దండాలు పెట్టిన మనిషి. కారు దిగిన పెద్దమనిషి కనిపించగానే ఆయన చేతులు వాటంతటవే కలిశాయి.

"రండి రండి, దయచేయండి. భోంచేసే వెళ్లాలి."

పెద్ద అధికారి లోపలికి నడిచాడు. ఆయన వెనుకే అటెండరు, అతని వెనుక మొహిద్దీన్ పరిగెత్తారు.

మొహిద్దీన్ ఫైలు చూస్తున్న ఆఫీసరు శ్రావ్య అనే అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. లేచి నిలబడేలోపే పెద్ద అధికారి అడిగాడు:

"ఎవరమ్మా ఈ ఏర్పాట్లన్నీ చేయించింది?"

"ఏ ఏర్పాట్లు సార్?"

"బయట ఆర్చి పెట్టారు. పూలు కట్టారు. ఒక పెద్దాయన నన్ను భోజనానికి పిలిచాడు."

శ్రావ్య కిటికీలోంచి చూసింది. 'స్వాగతం' వెనుక నుంచి తిరగబడి కనిపించింది.

"నాకేమీ తెలీదు సార్."

"అది నాదండి," అన్నాడు మొహిద్దీన్ గుమ్మంలోంచి, ఆమెకు సాయం చేద్దామని.

"మీరెవరు?"

"ఇవాళ అమ్మగారి దగ్గర నా విచారణ ఉందండి."

పెద్ద అధికారి నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

"విచారణ ఉన్నవాడివి, ఆఫీసు గుమ్మానికి స్వాగతం ఆర్చి పెట్టావా?"

"స్వాగతానికి కాదు సార్. నాకు నోటీసు అందలేదని చెప్పడానికి."

"దాని మీద స్వాగతం అని రాసుంది."

"అన్ని ఆర్చిల మీదా అలాగే రాస్తారండి."

మొహిద్దీన్ చెప్పిందంతా విన్నాక కూడా ఆయనకు నమ్మకం కుదరలేదు. మళ్లీ బయటికి వచ్చి, నెమలి ముందు వంగి, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తర్వాత దాన్ని అంటించిన ఉద్యోగిని పిలిపించాడు.

"షాపు తలుపుకి అంటించమంటే దీనికెందుకు అంటించావు?"

"షట్టరు నిండా దుమ్ముంది సార్. జిగురు పట్టలేదు. పక్కనే ఇది నున్నగా ఉంది."

"ఇది నడిచిపోయే సామాను కదయ్యా."

"ఆ రోజు నిలబడే ఉంది సార్."

శ్రావ్య పరిస్థితి ఇప్పుడు చిత్రంగా తయారైంది. ఆర్చి సాక్ష్యమైతే, ఆమె ఆఫీసు నోటీసు సరిగా ఇవ్వలేదు. ఆర్చి సాక్ష్యం కాకపోతే, విచారణ రోజున పన్ను కట్టాల్సిన మనిషి చేత ఆమె పూల ఆర్చి పెట్టించుకుంది. రెండిట్లో మొదటిదే తేలిక. మొహిద్దీన్ కూడా అదే కోరుతున్నాడు. ప్రభుదాస్ ఫోనుకు పంపిన అభ్యంతరాన్ని చూసి రాసి సంతకం పెట్టాడు. ఆమె దాన్ని తీసుకుని, నోటీసు చట్టప్రకారం అందలేదని, అది చెల్లదని రాసింది.

పెద్ద అధికారి దాన్ని చదివి మెత్తబడ్డాడు.

"మంచిది. ముందు చెప్పకుండా, మనిషి మాట వినకుండా ఎవరి మీదా పన్ను వేయకూడదు. అది మనం చేసే దయ కాదు, వాళ్ల హక్కు." మొహిద్దీన్ వైపు తిరిగి, "నీ హక్కు కోసం ఇంత దూరం ఈ సామానంతా మోసుకొచ్చావు. బావుంది," అన్నాడు. తనిఖీ ముగించుకుని వెళ్లేటప్పుడు మాత్రం మెట్ల మీదుగా కాకుండా పక్క గుమ్మం నుంచి వెళ్లాడు.

మొహిద్దీన్‌కు ఉదయం నుంచి మొదటిసారి ఊపిరి సరిగా ఆడింది. హుస్సేన్ బీకి ఫోన్ చేసి, గెలిచామని చెప్పాడు. ఈలోపు దశరథరామయ్య తన ఫోనులో వియ్యంకుణ్ని పట్టుకుని శ్రావ్య ముందు పెట్టాడు. ఆమె ఓపికగా చెప్పింది:

"ఈ నోటీసు దశరథరామయ్య గారికి సంబంధించింది కాదండి. ఆయన పేరు మీద మా దగ్గర ఏ ఫైలూ లేదు."

"ఏ ఫైలూ లేదా?" అన్నాడు అవతలి నుంచి వియ్యంకుడు. గొంతు గదంతా వినిపించింది. "నోటీసు వచ్చిందంటే అంతో ఇంతో ఆదాయం ఉన్న మనిషే అనుకున్నాం. అదీ లేదా అయితే?"

దశరథరామయ్య ఫోను తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. ఆయన చాలాసేపు మాట్లాడాల్సి వచ్చింది.

గదిలో ఇద్దరే మిగిలారు. శ్రావ్య ఫైలు మూయకుండా దాని వైపే చూస్తోంది.

"కూర్చోండి బాబాయ్ గారూ," అంది. "మీ ట్రిప్పుల పుస్తకం మొత్తం చూశాను. అద్దె చూపించని రోజులకు ఆ ఊళ్లలో వాకబు చేయించాను. వేమూరు, కొల్లూరు, తెనాలి, అన్ని చోట్లా చావు ఇళ్లకే వెళ్లాయి. ఒక్కరి దగ్గరా మీరు డబ్బు తీసుకోలేదని అందరూ చెప్పారు."

మొహిద్దీన్‌కు కళ్లు తడయ్యాయి. "అదే చెబుదామని వచ్చానమ్మా."

"మీరు చెప్పక ముందే నాకు తెలుసు. పన్ను ఏమీ లేదని, కేసు మూసేస్తున్నామని ఆర్డరు రాసి పెట్టాను. ఇదిగో. ఇవాళ మీరొస్తే మాట వరసకు రెండు ప్రశ్నలడిగి సంతకం పెడదామనుకున్నాను. రాకపోయినా పెట్టేదాన్ని."

ఆమె ఆ కాగితాన్ని ఆయన వైపు తిప్పింది. కింద సంతకం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"మరి పెట్టండమ్మా."

"ఎలా పెట్టను? ఆ నోటీసు చెల్లదని మీరే రాసిచ్చారు. అవునని నేనూ రాశాను. చెల్లని నోటీసు మీద ఆర్డరేంటి?"

"అది నాకు మంచి చేసే ఆర్డరే కదమ్మా. దానికి కూడా నోటీసు కావాలా?"

"చట్టప్రకారం అయితే అంత పట్టింపు లేదండి. కానీ మధ్యాహ్నం గుమ్మానికి ఆర్చి పెట్టిన మనిషికి సాయంత్రం కేసు కొట్టేశానంటే, దాని కింద నుంచి నడిచొచ్చిన సారు ఏమనుకుంటారు?"

మొహిద్దీన్ ఆలోచించాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"నోటీసు అందిందని రాసిచ్చేస్తానమ్మా. బాగా అందింది."

"అలా రాస్తే ఇందాక రాసింది అబద్ధమవుతుంది. దానికి వేరే నోటీసు ఇవ్వాలి."

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. శ్రావ్య మిగిలిన సంగతులు కూడా మెల్లగా చెప్పింది. మళ్లీ కొత్త నోటీసు వస్తుంది, ఈసారి చేతికే ఇస్తారు. గడువిస్తారు, విచారణ మొదటి నుంచి జరుగుతుంది. అప్పటికి ఆమెకు బదిలీ అయిపోతుంది కాబట్టి, కొత్తగా వచ్చే ఆఫీసరు ఆ ఊళ్లన్నిట్లో మళ్లీ వాకబు చేయించుకుంటారు. ఆర్చి సాక్ష్యం కింద నమోదైంది కనుక, కేసు తేలేదాకా ఫైలుతో పాటు ఆఫీసులోనే ఉంటుంది.

"ఇంత పెద్దది ఎక్కడ పెడతారమ్మా?"

"అక్కడే ఉంచుతాం. ఇంకెక్కడా నిలబడట్లేదట కదా."

యలమంద మిగతా సామానుతో దుగ్గిరాల వైపు ట్రాలీని ఉరికించాడు. అక్కడ అప్పటికే చుట్టాలు పక్కింటి మంచాల మీద కూర్చుని ఉన్నారు. మొహిద్దీన్, దశరథరామయ్య బాపట్ల బస్టాండులో రేపల్లె బస్సు కోసం నిలబడ్డారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నష్టపోయారో తేల్చుకునే ఓపిక ఎవరికీ లేదు.

"నువ్వు గెలిచావుగా ఖాజా," అన్నాడు దశరథరామయ్య.

"గెలిచానండి," అన్నాడు మొహిద్దీన్. "ఓడిపోయుంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాణ్ని."

ఆ వారమే ప్రభుదాస్ తన బోర్డు దింపించి, పేరు కింద 'నోటీసు, విచారణ హక్కుల నిపుణుడు' అని కొత్తగా రాయించుకున్నాడు.